మీ ఇంట్లో ఎవరికైనా వుందా?

సంబంధం కలుపుకునే ముందు అటు ఏడు తరాలూ, ఇటు ఏడు తరాలూ చూడాలంటారు మన పెద్దవాళ్ళు. ఏడు తరాల సంగతి ఆ భగవంతుడికెరుక గాని, కనీసం రెండు తరాలయినా తవ్వి తీయకుండా తాంబూలాలు పుచ్చుకున్న ఇల్లు నేను చూడలేదు. పెళ్ళికొడుకు తండ్రికి చక్కెర జబ్బుందా? మేనమామకి ఉబ్బసమటగా? వాళ్ళ వైపు ఎవరికైనా బొల్లి మచ్చ కనిపించిందా? ఫలానా తాతగారికి ఆఖరి రోజుల్లో మతి చలించిందని విన్నామే, నిజమేనా? ఇలా ఎన్ని ఆరాలు తీస్తామో! తలనొప్పి గురించి మాత్రం ఎవరూ అడగరు. తల వున్నాక తలనొప్పి వుండదా అని ఒక్కమాటతో తీసిపారేస్తాం. ఎండనపడి తిరిగితే వస్తుంది, కాఫీ ఆలస్యమయితే వస్తుంది, పిల్లలు మాట వినకపోతే వస్తుంది. ఎవరి తలనొప్పి వాళ్ళు తెచ్చుకున్నదే అని మన లెక్క. అది పొలంలాగా, పుట్రలాగా, ముక్కుతీరులాగా వంశంలో దిగి వస్తుందంటే నవ్వేవాళ్ళే ఎక్కువ.

వైద్యులు కూడా చాలాకాలం ఒప్పుకోలేదు సుమండీ. ముఖ్యంగా ఒక రకం తలనొప్పి విషయంలో. అది అన్ని తలనొప్పుల్లోకీ భయంకరమైనది. అది ఇంటిపేరుతో పాటు వస్తుందా, రాదా అన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి మూడున్నర శతాబ్దాలు పట్టింది. ఆ కథే ఇవాళ చెబుదామని కూర్చున్నాను. ఇందులో ఒక గొప్ప చిత్రకారుడి బొమ్మకెక్కిన డాక్టరున్నాడు, పదహారుమంది పిల్లల్ని కన్న మహారాణి గారి ఆస్థాన వైద్యుడున్నాడు. వీళ్ళందరి కంటే ముఖ్యంగా, లెక్కలోకి రాకుండా పోయిన ఆడవాళ్ళున్నారు.

ముందు ఆ జబ్బేమిటో చెప్పాలి కదూ. ఇంగ్లీషు వైద్యంలో దాన్ని క్లస్టర్ తలనొప్పి అంటారు. క్లస్టర్ అంటే గుత్తి. ద్రాక్షపళ్ళు గుత్తిగా కాసినట్టు ఈ నొప్పీ గుత్తులు గుత్తులుగా వస్తుంది. కొన్ని వారాలపాటో, రెండుమూడు నెలలపాటో రోజువిడిచి రోజో, రోజూనో వస్తుంది. మరీ ముదిరితే ఒకే రోజులో ఎనిమిదిసార్లు రావచ్చు. ఆ తరువాత ఎవరో దీపం స్విచ్చి కట్టేసినట్టు మాయమయిపోతుంది. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి జాడ వుండదు. మళ్ళీ ఒకనాడు, చాలామందికి అదే ఋతువులో, అదే గంటకు, చెప్పి వచ్చిన చుట్టంలా గుమ్మంలో నిలబడుతుంది. నొప్పి ఒక వైపే, కంటి వెనకా కణత దగ్గరా. ఆ వైపు కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతుంది, రెప్ప వాలిపోతుంది, ఆ వైపు ముక్కు దిబ్బడ వేస్తుంది. పావుగంట మొదలు మూడు గంటల లోపు వుండి వెళ్ళిపోతుంది. వున్నంతసేపూ నరకం.

ఎంత నరకమంటే, ఈ జబ్బున్నవాళ్ళనే అడిగి కొలిచారు. 2021లో అచ్చయిన ఒక సర్వేలో పదహారు వందల మందికి పైగా రోగులు, తమ జీవితంలో పడిన నొప్పులన్నిటికీ పదికి ఇన్ని అని మార్కులు వేశారు. ప్రసవవేదనకు సగటున 7.2 వచ్చింది. క్లస్టర్ తలనొప్పికి 9.7. రెండూ అనుభవించిన తల్లులు వేసిన మార్కులు కూడా అందులో వున్నాయి. ఇంతకంటే నేను వేరే వర్ణించనక్కరలేదు.

ఇది పార్శ్వపు నొప్పి కాదా అని మీరడగవచ్చు. కాదు. మైగ్రేను అని ఇప్పుడందరం అంటున్న పార్శ్వపు నొప్పి వచ్చినప్పుడు మనిషి కదలలేదు. కిటికీ తలుపులు మూయించుకుని, చీకట్లో, చప్పుడు లేకుండా పడుకుంటుంది. అది గంటలు కాదు, రోజులు కూడా వుంటుంది. ఈ గుత్తి తలనొప్పి మనిషిని పడుకోనివ్వదు. లేచి తిరుగుతారు, కూర్చుని ముందుకూ వెనక్కూ వూగుతారు, తల గోడకేసి కొట్టుకుంటారు. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి. ముందు ముందు దీనితో పని వుంది.

వేళ తప్పకుండా వచ్చే తలనొప్పి మన పెద్దలకు తెలియనిది కాదు. సుశ్రుతుడు శిరోరోగాల్లో సూర్యావర్తం అని ఒకదాన్ని చెప్పాడు. పొద్దు పొడుపుతో కన్నూ కనుబొమా దగ్గర మొదలయి, సూర్యుడితోపాటు పెరిగి, సూర్యుడితోపాటు తగ్గేది. అదీ ఇదీ ఒకటని నేననడం లేదు. నొప్పికి ఒక గడియారం వుండవచ్చునని మాత్రం మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు.

ఐరోపాలో ఈ గుత్తి తలనొప్పిని మొట్టమొదట కాగితం మీద పెట్టినవాడు ఆమ్‌స్టర్‌డామ్ నగరపు వైద్యుడు నికొలాస్ టుల్ప్ అంటారు. ఈయన్ని మీరు చూసే వుంటారు, బొమ్మలో. రెంబ్రాంట్ 1632లో వేసిన ఒక ప్రసిద్ధ చిత్రంలో, నల్లటోపీ పెట్టుకుని, శవం చేతిలోని కండరాలను పట్టకారుతో ఎత్తి చూపిస్తూ, చుట్టూ వున్నవాళ్ళకు పాఠం చెబుతుంటాడే, ఆయనే. 1641లో తాను చూసిన రోగుల గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో ఒక మనిషికి వేసవి మొదట్లో వచ్చిన విపరీతమైన తలనొప్పి సంగతి రాశాడు. నియమం తప్పకుండా ఒకే గంటకు వచ్చేది, రెండు గంటలకు మించి వుండేది కాదు, మిగతా రోజంతా మనిషి మామూలే. పధ్నాలుగు రోజులు అలా బాధపెట్టింది.

మరో వందేళ్ళకు, 1745లో, వాన్ స్వీటెన్ అనే మరో డచ్చి వైద్యుడు ఇంకా స్పష్టంగా రాశాడు. ఈయన ఆస్ట్రియా మహారాణి మరియా తెరీసాకు ఆస్థాన వైద్యుడు. ఆవిడకు పదహారుమంది సంతానం కనుక ఆయనకు చేతినిండా పనే వుండి వుంటుంది. ఆయన చెప్పిన రోగి మంచి ఆరోగ్యవంతుడు, నడివయసువాడు. రోజూ ఒకే గంటకు ఎడమకంటి పైన నొప్పి మొదలయ్యేది. కన్ను ఎర్రబడి నీళ్ళు కారేవి. కనుగుడ్డును ఎవరో లోపలినుంచి మెల్లగా బయటికి తోస్తున్నట్టుండి, పిచ్చెత్తినంత పని అయ్యేది. కొన్ని గంటలకు అంతా సర్దుకునేది. కంట్లో చూస్తే ఏ మార్పూ వుండేది కాదు. ఇవాళ డాక్టర్లు ఆ నాలుగు వాక్యాలు చదివి, ఇంతకంటే బాగా మేమూ రాయలేమంటారు.

చూశారూ, టుల్ప్ రోగి మగవాడు, వాన్ స్వీటెన్ రోగీ మగవాడే. వాళ్ళ తల్లికో అక్కకో ఇలాంటిది వుందేమోనన్న ప్రస్తావన ఎక్కడా లేదు. ఆ రోజుల్లో అలా అడగడం అలవాటు లేదు కాబోలు అనుకుందాం.

ఇరవయ్యో శతాబ్దంలోకి వద్దాం. 1926లో లండన్‌లో విల్‌ఫ్రెడ్ హారిస్ దీన్ని విడిగా గుర్తుపట్టి ఒక పేరు పెట్టాడు. 1939లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన బేయర్డ్ హార్టన్ తన రోగుల గురించి రాసి, దీనికి కారణం హిస్టమిన్ అనే పదార్థమన్నాడు. ఆ సిద్ధాంతం నిలబడలేదు గాని, హార్టన్ తలనొప్పి అన్న పేరు చాలా ఏళ్ళు నిలబడింది. 1952లో కంకిల్ అనే అమెరికన్ వైద్యుడూ ఆయన సహచరులూ ముప్ఫైమంది రోగులను చూసి, నొప్పులు గుత్తులుగా వస్తున్నాయి కనుక క్లస్టర్ అన్నారు. ఆ పేరు ఖాయమయింది.

పేరు ఖాయమవడంతో పాటు ఒక ముఖం కూడా ఖాయమయింది. 1970 ప్రాంతాల అమెరికన్ వైద్యులు ఈ రోగికి ఒక రూపం కట్టారు. భారీ మనిషి, ఎర్రటి మొహం, నుదుటి మీద లోతైన ముడతలు, సింహం లాంటి వాలకం, చేతిలో సిగరెట్టు, ఎదురుగా విస్కీ గ్లాసు. మొత్తానికి మగవాడు. ఇది మగవాళ్ళ జబ్బు అన్న మాట పుస్తకాల్లో స్థిరపడిపోయింది. ఇక డాక్టరు ముందుకు ఒక ఆడమనిషి వచ్చి, రోజూ రాత్రి రెండు గంటలకు కంటి వెనక గునపం దిగుతోందండీ అంటే, సింహం మొహం లేదు కనుక ఈవిడకు వేరే ఏదో అయివుంటుంది. మైగ్రేను అయివుంటుంది, నరాల బలహీనత అయివుంటుంది, మనోవ్యాధి అయివుంటుంది.

లెక్కలు ఎలా మారాయో చూడండి. ఇటలీలోని పార్మాలో మంజోనీ అనే వైద్యుడు 1998లో తన రోగుల చిట్టా ప్రచురించాడు. 1960కి ముందు జబ్బు మొదలయినవాళ్ళలో ఒక స్త్రీకి ఆరుగురికి పైగా పురుషులున్నారు. 1990ల్లో మొదలయినవాళ్ళలో ఒక స్త్రీకి ఇద్దరే. ముప్ఫై నలభై ఏళ్ళలో ఆడవాళ్ళ శరీరం మారిపోతుందా? ఆడవాళ్ళు ఉద్యోగాల్లోకి వచ్చారు, అక్కడి వాళ్ళు సిగరెట్లు మొదలెట్టారు, జీవనవిధానం మారింది, అందువల్ల కావచ్చన్నాడాయన. కొంత నిజం వుండవచ్చు. కాని డాక్టర్ల కళ్ళు తెరుచుకోవడం వల్ల కూడా కావచ్చునని మరికొందరన్నారు. నా మొగ్గు ఈ రెండో మాట వైపే. ఎందుకంటే 2017లో డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం, స్త్రీపురుషులకు జబ్బు లక్షణాల్లో పెద్ద తేడా లేకపోయినా, మొదట వేరే జబ్బని పొరపడిన కేసులు పురుషుల్లో నూటికి 46 అయితే స్త్రీలలో 61 అని తేల్చింది. అసలు పేరు తెలియడానికి మగవాళ్ళకు సగటున అయిదున్నరేళ్ళు పడితే, ఆడవాళ్ళకు ఆరున్నరేళ్ళు పట్టింది.

ఆడవాళ్ళ కేసులు సగం వేరే పద్దుల్లో జమ అయిపోతుంటే, ఇది కుటుంబంలో వుందా అన్న ప్రశ్నకు సరైన జవాబెలా వస్తుంది? తల్లికి వున్నది మైగ్రేను అని రాసుకుంటే, కొడుకుది వంశంలో లేని జబ్బవుతుంది. ఈ జబ్బు వంశపారంపర్యం కాదని పుస్తకాలు అంతకాలం చెప్పడంలో ఈ లోటు వాటా ఎంతో మీరే ఆలోచించండి.

మాకు బాగా తెలిసినవాళ్ళ అబ్బాయి సంగతి ఒకటి చెబుతాను. ఇరవయ్యేడేళ్ళవాడు. శీతాకాలం పోతూ వుండగా రాత్రి రెండింటికి లేచి కన్ను పట్టుకుని వసారాలో తిరగడం మొదలుపెట్టాడు. పైపన్ను దోషమని ఒకరు రెండు పళ్ళు పీకారు. సైనస్ అని ఒకరు ముక్కు కడిగారు. కళ్ళజోడు మార్చారు. మూడో ఏడు ఒక నరాల డాక్టరుగారు పది నిమిషాలు ఓపిగ్గా విని, జబ్బు పేరు చెప్పి, తండ్రి వంక తిరిగి, "మీ ఇంట్లో ఎవరికైనా వుందా?" అని అడిగారట. "అబ్బే, మా ఇంటా వంటా లేదండీ" అన్నారట తండ్రి. కాగితం మీద కుటుంబంలో లేదు అని పడింది.

పలకరిద్దామని నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఈ మాట మళ్ళీ వచ్చింది. మంచం మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్న మామ్మగారు తలెత్తి, "ఇంటా వంటా లేకపోవడమేమిట్రా? మీ అక్కయ్యకి వుండేది కాదూ!" అన్నారు. "మాఘమాసం వచ్చిందంటే అర్ధరాత్రి లేచి పెరట్లో బావి చుట్టూ తిరిగేది పిచ్చితల్లి. ఒక కన్ను చింతనిప్పులా వుండేది. గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. అత్తారింటికి వెళ్ళాక పని తప్పించుకోవడానికి వేషాలన్నారు. ఉగాది వెళ్ళేసరికి అదే పోయేది."

కొడుకు కాసేపు మాట్లాడలేదు. "అక్కయ్యది తలనొప్పి అని ఎవరూ అనలేదే అమ్మా" అన్నారు చివరికి.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడకు వున్నది ఇదేనని ఇప్పుడు ఏ డాక్టరూ తేల్చలేడు. కాని ఆ కుటుంబంలో లేదు అన్న మాట ఎంత తేలిగ్గా పుడుతుందో నాకా రోజు అర్థమయింది. అడిగింది మగవాణ్ణి. తెలిసింది మామ్మగారికి. ఆవిణ్ణి ఆస్పత్రికి ఎవరూ తీసుకెళ్ళలేదు.

పడమటి దేశాల పరిశోధకులకు కూడా ఈ సంగతి మెల్లగానే బోధపడింది. 1990ల మధ్యలో డెన్మార్క్‌లో మైకేల్ రసెల్ అనే ఆయనా ఆయన సహచరులూ కొన్ని వందలమంది రోగుల కుటుంబాలను శ్రద్ధగా పరిశీలించి, రోగి తల్లిదండ్రులకూ తోబుట్టువులకూ పిల్లలకూ ఈ జబ్బు వచ్చే అవకాశం మామూలు వాళ్ళకన్నా 14 రెట్లు ఎక్కువని చెప్పారు. అప్పటికి కదిలింది పాత నమ్మకం. 2004 నాటికి వివిధ దేశాల లెక్కలు కలిపి చూసి, దగ్గర రక్తసంబంధీకులకు 5 నుంచి 18 రెట్లు, మేనత్తలూ మేనమామలూ తాతలూ మనవలూ లాంటివాళ్ళకు 1 నుంచి 3 రెట్లు అని ఆయనే రాశాడు.

మరి ఎన్ని ఇళ్ళల్లో ఇలా ఒకరికంటే ఎక్కువమందికి వుంది? 2020లో లండన్ పరిశోధకులు 22 అధ్యయనాలు పోగుచేసి చూస్తే, ఒకచోట నూటికి సున్నా, మరొకచోట నూటికి 22! అన్నీ కలిపి సరిచూస్తే నూటికి ఆరు చొప్పున తేలింది. ఒకే జబ్బు ఒక వూళ్ళో వంశంలో వస్తూ, ఇంకో వూళ్ళో రాకుండా వుంటుందా? అడిగిన తీరులోనే వుంది తేడా అని నాకనిపిస్తుంది. రోగిని ఒక్కమాట అడిగి వూరుకుంటే ఒక జవాబు. ఇంట్లో వాళ్ళందర్నీ కూర్చోబెట్టి, నొప్పి వచ్చినప్పుడు పడుకునేవారా, తిరిగేవారా అని విడమరచి అడిగితే ఇంకో జవాబు.

2022 చివర్లో స్వీడన్ నుంచి ఇంకొక ముచ్చటైన లెక్క వచ్చింది. 874 మంది రోగుల్లో, మా కుటుంబంలో ఇంకొకరికి కూడా వుందని చెప్పినవాళ్ళు మగవాళ్ళలో నూటికి 7, ఆడవాళ్ళలో నూటికి 15. రెట్టింపు! సందు లేకుండా ఏడాది పొడుగునా బాధించే రకం కూడా ఆడవాళ్ళలోనే రెట్టింపు, మగవాళ్ళలో నూటికి 9 అయితే ఆడవాళ్ళలో 18. ఈ కుటుంబం లెక్కకు రెండు రకాలుగా అర్థం చెప్పుకోవచ్చు. ఆడవాళ్ళ శరీరం ఈ జబ్బుకు అంత తేలిగ్గా లొంగదు, కాబట్టి వంశపు బలం గట్టిగా వున్నప్పుడే పైకి తేలుతుంది అన్నది ఒకటి. రెండోది మరీ మామూలు మాట. మేనత్తకేం జబ్బో, పిన్నికేం బాధో గుర్తుపెట్టుకునేది ఆడవాళ్ళే. మావారిని వాళ్ళ బాబాయికి ఏ జబ్బు చేసి పోయాడని అడిగితే, ఏదో జ్వరమనుకుంటా అంటారు. నేనయితే ఆ జ్వరం ఏ ఏకాదశినాడు తిరగబెట్టిందో చెప్పగలను. ఈ రెండర్థాల్లో ఏది నిజమో, రెండూ నిజమేనేమో!

ఇక రక్తం లోపలికి తొంగిచూసిన కథ. 1998లో లండన్‌లో తొమ్మిదిమంది రోగులకు నొప్పి వచ్చిన సమయంలో మెదడు చిత్రాలు తీస్తే, మెదడు అడుగున హైపోథలామస్ అనే చిన్న భాగం రగులుతూ కనిపించింది. మన నిద్రకూ మెలకువకూ, పగటికీ రాత్రికీ లెక్కచూసే గడియారం వుండేది అక్కడే. నొప్పి ఎందుకు వేళకు వస్తుందో అప్పుడు కొంత అర్థమయింది. దాంతో, ఆ గడియారానికి సంబంధించిన జన్యువుల్లో వెతుకుదామన్నారు. 2004లో ఇటలీలోని టురిన్ పరిశోధకులు, నిద్రామెలకువలను నడిపే ఒక పదార్థాన్ని అందుకునే జన్యువులో తేడా దొరికిందన్నారు. 2006లో జర్మనీవాళ్ళు అవునన్నారు. అదే ఏడు మరో బృందం కాదంది. 2015లో హాలెండు పరిశోధకులు అన్నీ కలిపి చూసి, ఆ సంబంధం నిలబడదని తేల్చారు. పదకొండేళ్ళ ఆశ అలా పోయింది. సైన్సులో ఇలాంటి పెళ్ళిచూపులు చాలా జరుగుతాయి లెండి, అన్నీ పీటల దాకా రావు.

నిలబడిన ఫలితాలు 2021లో వచ్చాయి. రెండు వేరువేరు బృందాలు ఒకే పత్రికలో, జన్యువుల్లో నాలుగు చోట్లను చూపించాయి. ఇద్దరికీ ఒకే జవాబు రావడం వల్ల నమ్మకం కుదిరింది. 2023లో 4,777 మంది రోగులనూ, 31,575 మంది మామూలు మనుషులనూ పోల్చి చూసిన పెద్ద అధ్యయనం ఆ నాలుగును ఎనిమిది చేసింది. పొగతాగడం ఈ జబ్బుకు తోడుగా కనిపించేది మాత్రమే కాదు, కారణాల్లో ఒకటి కావచ్చునని కూడా చెప్పింది. అందులో పాల్గొన్న పదకొండు బృందాల్లో పది ఐరోపా సంతతివి, ఒకటి తూర్పు ఆసియాది. మన దేశపు బృందం లేదు.

ఇక్కడ తల్లులు ఒక్క క్షణం ఆగాలి. జన్యువులు, వంశం అనగానే గుండెలు బాదుకోనక్కరలేదు. ఈ జబ్బు జీవితకాలంలో సుమారు వెయ్యిమందిలో ఒకరికి వస్తుంది. దాన్ని 14 రెట్లు చేయండి, వెయ్యికి 14. అంటే జబ్బున్న మనిషి పిల్లలు వందమంది వుంటే, 98 మందికి పైగా హాయిగానే వుంటారు. ఒకే పోలికతో పుట్టిన కవలల్లో కూడా ఒకరికి వచ్చి, రెండోవారికి రాకుండా వున్న జంటలు స్వీడన్ కవలల జాబితాల్లో కనిపించాయి. ఆ పెద్ద అధ్యయనం లెక్కలో, మామూలుగా కనిపించే జన్యు తేడాలన్నీ కలిపినా ఈ జబ్బులో వాటి వంతు నూటికి పదిహేను లోపే. వంశం తలుపు కాస్త ఓరగా తీసిపెడుతుంది, అంతే. లోపలికి అడుగుపెట్టేది ఇంకా ఎన్నో కలిస్తేనే.

కనుక దయచేసి దీన్ని పెళ్ళి సంబంధాల ఆరాల జాబితాలో చేర్చకండి. ఇప్పటికే వున్నవి చాలు. నేను ఈ వ్యాసం రాస్తూ భయపడింది ఒక్క దానికే. వాళ్ళ మేనత్తకి ఏదో తలనొప్పిట అని మంచి సంబంధం తప్పిపోకూడదు. అసలు ఆ భయం వల్లనే మన ఇళ్ళల్లో ఆడపిల్లల జబ్బులు దాచేస్తాం. దాచినది రెండు తరాలు గడిచేసరికి మరుగున పడిపోతుంది. చివరికి మనవడు డాక్టరు ముందు కూర్చున్నప్పుడు, ఇంటా వంటా లేదు అన్న మాటగా తిరిగి వస్తుంది.

కుటుంబం సంగతి తెలిస్తే లాభమేమిటంటారా? మూడేళ్ళూ అయిదేళ్ళూ కలిసి వస్తాయి. రెండు పళ్ళు మిగులుతాయి. ఈ నొప్పికి మామూలు బిళ్ళలు పనికిరావు, అవి పనిచేయడం మొదలుపెట్టేలోపల నొప్పే వెళ్ళిపోతుంది. దీనికి మందులు వేరు. నిమిషానికి 12 లీటర్ల చొప్పున స్వచ్ఛమైన ఆక్సిజన్ ముఖానికి తొడుగు పెట్టి పావుగంట పీలిస్తే, నూటికి 78 నొప్పులు తగ్గాయని 2009లో లండన్‌లో రుజువు చేశారు. మామూలు గాలి పీల్చితే తగ్గినవి 20. సుమట్రిప్టాన్ అనే ఇంజక్షన్ వుంది. గుత్తి మొదలవగానే నొప్పులు రాకుండా కాచే వెరాపమిల్ అనే మందు వుంది. ఇవన్నీ డాక్టరు చూసి, పరీక్షలు చేసి, గుండె సంగతి తెలుసుకుని ఇవ్వవలసినవి. కాని ఆయన ఇవ్వాలంటే ముందు జబ్బు పేరు తట్టాలి. ఆ పేరు తట్టడానికి, మా మేనత్తకి ఇలా వుండేదండీ అన్న ఒక్కమాట ఎంత సాయం!

ఒక నోటుబుక్కు తీయండి. పాలవాడి లెక్క రాసుకునేదయినా ఫరవాలేదు, వెనకవైపు పేజీలు ఖాళీగానే వుంటాయి. పుట్టింటివైపు ఒక పేజీ, మెట్టినింటివైపు ఒక పేజీ. ఎవరికి ఏ జబ్బు, ఏ వయసులో మొదలయింది రాయండి. తలనొప్పి అని మాత్రం రాసి వూరుకోకండి. ఒక వైపా, రెండు వైపులా? ఏ నెలలో, ఏ గంటకు? ఎంతసేపు? కన్ను ఎర్రబడేదా? పడుకునేవారా, తిరిగేవారా? ఇంట్లో పెద్దావిడ వుంటే ఇవాళే అడగండి, రేపటికి వాయిదా వేయకండి.

వంశం బొమ్మ గీసేటప్పుడు జన్యు వైద్యులు మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు గుండ్రం వేస్తారు. జబ్బున్నవాళ్ళ గుర్తు నల్లగా నింపుతారు. మన ఇళ్ళల్లో తాతలనాడు రాయించిన వంశవృక్షాలు మీరు చూసే వుంటారు. తండ్రి, కొడుకు, మనవడు, మునిమనవడు. చదరాలే తప్ప గుండ్రాలు లేవు. కూతుళ్ళు వేరే ఇంటికి వెళ్ళారని కొమ్మ కొట్టేశారు, కోడళ్ళు వేరే ఇంటినుంచి వచ్చారని రాయనే లేదు. మీ నోటుబుక్కులో మాత్రం గుండ్రాలు కూడా వేయండి. ఆ పక్కనే వాళ్ళ పేర్లూ, వాళ్ళు పడిన నొప్పీ రాయండి. పనికి ఎగనామం పెట్టడానికి వేషాలన్న మాట, గాలి సోకిందన్న మాట కూడా దాచకుండా రాయండి. చదివే డాక్టరుకు అసలు సంగతి అర్థమవుతుంది.